బిందె కోసం ఆరు చూపులు

మొదటి చూపు. వాన, తెరిపి లేదు.

చూసింది రాస్తే చాలదట. అనిపించింది కూడా దాచకుండా రాయాలట. రాయకపోతే రెండో చూపుకు గేటు తియ్యరట. సరే. అసూయగా ఉంది. ఇంతకంటే మర్యాదైన మాట దొరికితే ఇది చదివే డాక్టరమ్మ దిద్దుకోవచ్చు.

ఈ కేంద్రంలో నేను తెలియనివాళ్ళు లేరు గానీ, ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో ఏమో, మొదట్నుంచీ చెబుతాను. నా పేరు మంగతాయారు. పదిహేడేళ్ళు ఇక్కడ మోతతల్లిగా చేశాను. తల్లి చచ్చిపోయిన ఒరాంగుటాన్ పిల్లను ఒంటికి కరుచుకోనిచ్చి, అది తనంతట తాను కొమ్మ పట్టుకుని వేలాడేదాకా మోసేవాళ్ళను మోతతల్లులంటారు. వాళ్ళ దీవుల్లో అడవి అయిపోయి, మన కొండల్లో వాన ఆగడం మానేసిన కాలంలో, అంటే మా అమ్మమ్మ చిన్నప్పుడు, ఈ ఎర్రజుట్టు వాళ్ళను ఓడల్లో తెచ్చి మారేడుమిల్లి అడవిలో వదిలారు. అప్పటి నుంచీ కొండచరియ విరిగిపడినప్పుడల్లా ఒకరో ఇద్దరో అనాథలవుతూనే ఉన్నారు, మేము మోస్తూనే ఉన్నాం.

నేను పదకొండు మందిని మోశాను. ఆఖరిది బిందె. ఇక్కడ పిల్ల ఎందులో వస్తే అదే దాని పేరు. ఒక కొండరెడ్డి ఆవిడ దీన్ని స్టీలు బిందెలో కూర్చోబెట్టి, పైన అరిటాకు కప్పి, రెండు రోజులు నెత్తిన మోసుకొచ్చింది. అప్పుడు కొబ్బరికాయంత ఉండేది. మూడేళ్ళ నాలుగు నెలలు నా ఎడమ పక్కన వేలాడింది. తడి జుట్టు ఒరుసుకుని అక్కడ లేచిన దద్దుర్లు ఇంకా మానలేదు, పిల్ల మాత్రం లేదు.

కొత్త పద్ధతి ప్రకారం మూడేళ్ళు దాటిన పిల్లను మా దగ్గర్నుంచి తీసుకుని యంత్రానికి అప్పగించాలి. చెట్టు చివర గూడు కట్టుకోవడం, ఏ పండు తినాలో ఏది ముట్టకూడదో తెలుసుకోవడం, మనిషి కనిపిస్తే తప్పుకోవడం, ఇవన్నీ మనుషులం నేర్పలేమట, అది నేర్పుతుందట. దానికి పెద్దమ్మ అని పేరు పెట్టారు. నేను ఇనపది అంటాను. మమ్మల్ని రంపచోడవరం హాస్టలుకు దింపేశారు. నెలకొకటి చొప్పున ఆరు చూపులు ఇస్తారు. ఆ తర్వాత పిల్ల ఎవరో మేము ఎవరమో.

గేటు దగ్గర అబ్బిరెడ్డి ఎదురొచ్చాడు. ఇనపదాని కీళ్ళకు నూనె పెట్టి, మరలు బిగించేది అతనే.

"ఏటండి తాయారుగారూ, పెళ్ళిచూపులకొచ్చినట్టు పువ్వులెట్టుకొచ్చేరు" అన్నాడు. "తీసెయ్యండి. ఈ కోటేసుకోండి. తల కూడా కప్పుకోవాల. మీ వాసన ఇసుమంతైనా బయటికి రాకూడదంట."

"మూడేళ్ళు నా వాసనలోనే పడుకుందయ్యా అది."

"అందుకేనండి కోటు."

వాసన చంపే ఆ కోటు వేసుకుంటే నాకు నేనే లేనట్టుంది. నలభై గజాల దూరంలో మంచె, ముందు ఆకుల తడిక, చూడటానికి అరచెయ్యంత కంత. గంట సేపు చూశాను.

ఇనపది బాగానే ఉంది. ఒళ్ళంతా ఎర్ర రంగు వేసిన కొబ్బరిపీచు లాంటి జుట్టు. ముఖం మాత్రం అచ్చంగా దించేశారు, చేసినవాడి చెయ్యి విరగ. బిందె దాని ఎడమ పక్కనే వేలాడుతోంది. కుడి పక్కన వేలాడినా నాకింత మండేది కాదు. ఇనపది పనసతొన పిక్కతో సహా ఇచ్చింది. నేనైతే పిక్క తీసి ఇచ్చేదాన్ని. బిందె కాసేపు దాని ముఖంలోకి చూసి, తర్వాత తనే పిక్క తీసి పారేసింది.

ఆ పని దానికి వచ్చని నాకు తెలియదు.

రెండో చూపు. ఉరుములు.

హాస్టల్లో చీర ఆరబెట్టుకోవడానికి ఒక్కొక్కరికి అరగంట వంతు. నా వంతు వదులుకుని తడి చీరతోనే జీపెక్కాను, వేళకు అందుకోవాలని. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇంత చేసి వచ్చి నేను విన్నది ఏమిటో తెలియాలని.

ఉరుము ఉరిమింది. బిందెకు ఉరుమంటే చిన్నప్పటి నుంచీ హడలు. ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. మంచె మీద నేను లేచి నిలబడిపోయాను. అప్పుడు ఇనపది పాడింది. నా పాట, నా గొంతుతో.

పాటంటే పాటేమీ కాదు. నాకు జోలలు రావు. కూరగాయల పేర్లే రాగం తీసి పాడేదాన్ని. వంకాయీ, దొండకాయీ, లేత బెండకాయీ అంటూ, పొట్లకాయ దగ్గర గొంతు పగిలిపోయేది. ఆ పగులుతో సహా పాడిందది. బిందె దాని మెడలో ముఖం పెట్టుకుని మెత్తబడింది.

పిల్లను అప్పగించే ముందు వారం రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి మా చేత పాడించుకున్నారు, గదమాయించమన్నారు, బుజ్జగించమన్నారు. అంతా పిల్ల మంచికే అన్నారు. నేను ఇచ్చింది ఇందుకా?

కిందికి దిగాక అబ్బిరెడ్డిని పట్టుకున్నాను. "నా గొంతు దాంట్లోంచి తీసెయ్యి."

"నేనెలా తీత్తానండి? తీసేత్తే ఉరుముకి పిల్ల చెట్టు మీంచి పడిపోద్ది."

"పడితే నేను పట్టుకుంటా."

"నలభై గజాల నించా?" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

ఒక్క సంతోషం. ఇనపది కొమ్మలు వంచి, మడిచి, పైన ఆకులు పరిచి గూడు కట్టి చూపించింది. బిందె ఆ ఆకులన్నీ లాగి కిందికి విసిరి, గూట్లో దొర్లి ఆడుకుంది. కట్టడం మాత్రం ముట్టలేదు. పెద్ద వానలు దిగేలోగా ఎవరి సాయం లేకుండా పది గూళ్ళు కట్టకపోతే అడవిలోకి వదలరు. వదలకపోతే కేంద్రం వెనక కంచెలోనే జీవితాంతం. కంచెలో పిల్లకు మోతతల్లి తోడుండాలి. క్వార్టర్సు కూడా అక్కడే ఇస్తారు.

బిందె ఆకులు విసురుతుంటే నాకు లోపల్లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దాచకుండా రాయమన్నారు కదా.

మూడో చూపు. ముసురు.

అంతా బాగుంది. పెద్దమ్మ పిల్లను చక్కగా చూసుకుంటోంది. బిందె రెండు కొమ్మలు వంచింది. నాకు సంతృప్తిగా ఉంది. డాక్టర్ గారికి, అబ్బిరెడ్డి గారికి నా కృతజ్ఞతలు.

నాలుగో చూపు. వాన సంగతి గమనించలేదు.

మూడో చూపులో రాసిందంతా అబద్ధం. ఇది డాక్టర్ ఎస్తేరు గారు ఎదురుగా కూర్చుని ఉండగా రాస్తున్నాను. ఆవిడ చెప్పి రాయించడం లేదు, నేనే రాస్తున్నాను.

ఆ రోజు కోటు కింద, నడుముకు ఒక తుండుగుడ్డ చుట్టుకుని వెళ్ళాను. తొమ్మిది రోజులు ఉతక్కుండా ఒంటి మీదే ఉంచుకున్న గుడ్డ. గంట అయ్యాక దాన్ని మంచె చెక్కల సందులో కుక్కి వచ్చేశాను. ఎందుకంటే ఏం చెప్పను? నేనొకదాన్ని ఉన్నానని దానికి తెలియాలనిపించింది. ఆ ఇనపదాని మెడలో ముఖం పెట్టుకుని నన్ను మర్చిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. అంతే తప్ప పిల్లకు కీడు తలపెట్టలేదు.

ఆ సాయంత్రమే బిందె మంచె మీదికి వచ్చిందట. గుడ్డ లాక్కుని, దాన్ని మూతికి అదుముకుని అక్కడే కూర్చుందట. ఇనపది పిలిచినా వెళ్ళలేదు, నా పాట పాడినా వెళ్ళలేదు. నేను పైకి ఎప్పుడొస్తానా అని జీపు దారి వంకే చూస్తూ రెండు రోజులు వానలో తడిసింది. అబ్బిరెడ్డి వెళ్ళి చూసేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

కబురు అంది నేను వచ్చేసరికి ఆస్పత్రి గదిలో ఉంది. గోడ ఇవతల నన్ను కూర్చోబెట్టారు. దగ్గు వినిపిస్తోంది. చిన్న దగ్గు, మనిషి పిల్ల దగ్గినట్టే.

"మూడో చూపు చదివినప్పుడే నాకు అనుమానం రావాల్సింది" అన్నారు డాక్టరమ్మ. "మీరు దాన్ని మొదటిసారి పెద్దమ్మ అని రాశారు. మీ నోట అంత మర్యాద వస్తే ఏదో జరిగిందని నేను పట్టుకోలేకపోయాను."

గోడ అవతల బిందె మళ్ళీ దగ్గింది.

"మీ నాలుగో పిల్ల గుర్తుందా తాయారుగారూ?"

గంప. ఎందుకు గుర్తుండదు? ఎనిమిదేళ్ళు వచ్చాక అడవిలో వదిలాం. ఏడాది తిరక్కుండా ఒక ఊళ్ళోకి దిగి, వంటింటి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, పొయ్యి దగ్గర పడుకోబెట్టిన పసిబిడ్డను ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను దాన్ని ఎలా ఎత్తుకునేదాన్నో అలాగే, ఎడమ పక్కన. ఊళ్ళో మగవాళ్ళు గునపాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళను అనడానికి ఏముంది? బిడ్డకు గీత కూడా పడలేదని తర్వాత తెలిసింది.

"గంపకు మనిషంటే భయం లేదు. ఎందుకు లేదు? మీరు అంత బాగా పెంచారు కాబట్టి" అన్నారు డాక్టరమ్మ. "మీ పదకొండు మందిలో అడవిలో మిగిలింది ఎంతమందో మీకు తెలుసు. నేను చెప్పను."

ముగ్గురు.

తర్వాత ఆవిడే లేచి అద్దం మీది తెర తీశారు. బిందె పక్క మీద లేదు. ఇనపది గదిలో నేల మీద కూర్చుని ఉంది, చెట్టు మీది నుంచి దింపుకొచ్చారు. దాని పొట్ట మీద బిందె. వీపు మీద ఇనపచెయ్యి, ఊపిరి తీసినప్పుడల్లా కాస్త లేస్తోంది, కాస్త దిగుతోంది. నాలుగు రోజుల నుంచీ అలాగే కూర్చుందట, కదలకుండా.

"నేనూ కూర్చునేదాన్ని" అన్నాను.

"తెలుసు. ఇంకా ఎక్కువే కూర్చునేవారు. ఆ తర్వాత పిల్లను దింపి వెళ్ళమంటే వెళ్ళేవారా?"

ఇది కూడా ఒక చూపు కిందే లెక్క అన్నారు. మిగతా రెండూ రద్దు చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెప్పలేదు.

చూపు కాదు. హాస్టల్లో రాసింది.

ఇవాళ ఎండ వచ్చింది. రెండు నెలల తర్వాత. ఎండ కాసిందని సైరను కూయగానే అందరూ పరుపులు, చెప్పులు, కారం డబ్బాలు, పుస్తకాలు, ఏది దొరికితే అది పట్టుకుని డాబా మీదికి పరిగెత్తారు. నేను మాత్రం ఉత్త చేతులతో వెళ్ళి కూర్చున్నాను.

మొత్తం ఆరుగురం మోతతల్లులం. నలుగురికి ఆరు చూపులూ అయిపోయాయి. ఆరో చూపు ఎలా ఉంటుందని అడిగాను. ఒకావిడ కారం కలియబెట్టింది, ఒకావిడ జుట్టు విప్పి దువ్వుకుంది, ఒకావిడ "ఏముంది, నిలబడతాం, వచ్చేస్తాం" అంది. ఎప్పుడు అడిగినా ఇంతే. ఆరో చూపు గురించి ఇక్కడ ఎవరూ నోరు విప్పరు.

దగ్గు తగ్గిందని కేంద్రం నుంచి కబురు వచ్చింది. నలభై నిమిషాలకే ఎండ పోయింది.

ఐదో చూపు. చినుకులు.

బిందె గూడు కట్టింది.

ఇనపది పక్క చెట్టు మీద ఊరికే కూర్చుంది. బిందె ఒక్కతే మూడు కొమ్మలు వంచి, ఒకదాని కింద ఒకటి దూర్చి, కాలితో తొక్కి పట్టుకుని, నాలుగోది విరిచింది. చిన్న కొమ్మలు చుట్టూ అల్లింది. ఆకులు పరిచింది. అందులో పడుకుని, లేచి, నచ్చక ఒక కొమ్మ పీకేసి మళ్ళీ పెట్టింది. చివరికి ఒక పెద్ద ఆకు తెంపి నెత్తిన పెట్టుకుంది, చినుకులు పడకుండా. ఆ ఆకు తెలివి ఇనపది నేర్పింది కాదట. అబ్బిరెడ్డి చెప్పాడు. తన సొంత తెలివేనట.

"ఏడో గూడండి ఇది" అన్నాడు.

నాకు గర్వంగా ఉండాలి. ఉంది కూడా, లేదనను. కానీ దానికి పదింతలు ఇంకోటి ఉంది. అన్నం కలిపి పెట్టింది నేను, పాలు తాగించింది నేను, పేలు చూసింది నేను, రాత్రిళ్ళు ఒత్తిగిలకుండా వెల్లకిలా పడుకుంది నేను. గూడు కట్టించింది అది. రేపు అడవిలో బిందెను చూసినవాళ్ళెవరైనా ఎంత బాగా కట్టిందో అంటారు గానీ ఎంత బాగా తాగిందో అనరు కదా.

"ఆరో చూపు సంగతి చెబుతాను ఇనుకోండి" అన్నాడు అబ్బిరెడ్డి. "కోటుండదు. తడికుండదు. నేల మీద నిలబడాల మీరు, పావుగంట. పిలవకూడదు. చెయ్యి చాపకూడదు. అదొచ్చి మిమ్మల్ని ముట్టుకుందనుకోండి, ఇంక కంచెలోకే. ముట్టుకోకపోతే ఆ రోజే లోపలడవిలోకి తీసుకెళ్ళి వదిలేత్తాం."

"మరి ఎవరో తెలియనివాళ్ళను నిలబెట్టొచ్చుగా?"

"తెలీనోళ్ళ దగ్గరికి ఎలాగూ రాదండి. మీ దగ్గరికి రాకూడదు. అదీ పరీక్ష."

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఆ వారం రోజుల గదిలో నేను వాళ్ళకు అన్నీ ఇవ్వలేదు. ఒకటి దాచుకున్నాను. బిందె ఎంత దూరంలో ఉన్నా, ఎంత అలిగినా, నేను ఎడమ చెయ్యి పైకెత్తి తుంటి మీద రెండుసార్లు చరిస్తే వచ్చేసి చంకలో దూరేది. పాట పోయింది, గొంతు పోయింది, వాసనను కోటు మింగేసింది. ఆ రెండు చరుపులు మాత్రం ఇనపదానికి తెలియవు.

డాక్టరమ్మా, ఇది చదివి మీరు నన్ను ఆరో చూపుకు రావద్దన్నా తప్పు లేదు.

ఆరో చూపు. సన్నటి వాన.

రావద్దనలేదు.

ఉతికి, ఆరబెట్టే గదిలో పూర్తి వంతు ఉంచి ఆరబెట్టిన చీర కట్టుకున్నాను. వానలో దిగగానే తడిసిపోయింది. డాక్టరమ్మ ఆకుల తడిక వెనక నిలబడ్డారు. అబ్బిరెడ్డి గడియారం చూసుకుని చెయ్యి ఊపాడు.

"పెద్దమ్మను షెడ్డులో పెట్టారేం?" అని అడిగాను ముందుగా.

"బిందె పది గూళ్ళూ కట్టేసిందండి. పెద్దమ్మ దగ్గరికి పోయి పన్నెండు రోజులైంది. ఇంక దాంతో కూడా పని లేదు దీనికి."

ఇందాక వస్తూ షెడ్డులోకి తొంగి చూశాను. మూల కూలబడి ఉంది, జుట్టులో నాచు పట్టింది, తర్వాతి పిల్ల కోసం ఉంచారు. దాని మీద జాలిపడదామని చాలా ప్రయత్నించాను. రాలేదు.

నాలుగైదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పైన కొమ్మ కదిలింది. బిందె మెల్లగా దిగుతూ వచ్చింది. అన్నిటికంటే కింది కొమ్మ మీద, నాకు రెండు చేతుల దూరంలో ఆగింది. పెద్దదైపోయింది. గడ్డం కింద జుట్టు వచ్చింది. చూస్తోంది. నన్ను గుర్తుపట్టలేదేమో అనుకోవడానికి కూడా వీల్లేదు, పాలసీసా కోసం అడిగేటప్పుడు పెట్టినట్టు కింది పెదవి ముందుకు పెట్టింది. గుర్తుపట్టింది.

నా చెయ్యి దానంతటదే లేచిందని రాయొచ్చు. రాయను. నేనే లేపాను. గంప గుర్తుంది, గునపాలు గుర్తున్నాయి, ఆ దగ్గు చెవుల్లోనే ఉంది. అన్నీ తెలిసే ఎడమ చెయ్యి ఎత్తి, తుంటి మీద రెండుసార్లు చరిచాను. తడి చీర మీద చప్పుడు గట్టిగా వచ్చింది.

బిందె ఒక చెయ్యి కొమ్మ వదిలింది. ముందుకు చాపింది. ఆ చెయ్యి సగం దూరం వచ్చి ఆగి, అరచెయ్యి వెల్లకిలా తిరిగింది. పైన ఆకు చివర నుంచి కారుతున్న నీళ్ళు పట్టుకుని తాగింది. మూతి తుడుచుకుంది.

మళ్ళీ చరిచాను. "బిందే, రావే" అన్నాను. మూడోసారి గదమాయించి పిలిచాను, ఏడుస్తూ.

కాసేపు నా వంక చూసింది. ఇంకేమీ కాదు, చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తొందరేమీ లేకుండా, ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి ఎక్కుతూ తన గూట్లోకి వెళ్ళిపోయింది. ఆకు నెత్తిన పెట్టుకోవడం కింద నుంచి కనిపించింది.

అబ్బిరెడ్డి మళ్ళీ చెయ్యి ఊపాడు. పావుగంట.

డాక్టరమ్మ తడిక వెనక నుంచి వచ్చారు. "రాసుకోండి" అన్నాను. "చెయ్యి ఎత్తాను. మూడుసార్లు పిలిచాను. పరీక్ష చెల్లదని రాసుకోండి. దాన్ని కంచెలో పెట్టండి." ఈ ఆఖరి మాట ఆశపడి అన్నానని ఆవిడకూ తెలుసు.

"రాసుకున్నాను. మూడుసార్లు" అన్నారు. "పిలిచినా రాకపోతేనే వదులుతాం తాయారుగారూ. మీరు బొమ్మలా నిలబడి, అది రాకపోతే నాకేం తెలుస్తుంది?"

"మరి పిలవకూడదన్నారెందుకు?"

"పిలవమని చెబితే మీరు ఇంత బాగా పిలిచేవారా?"

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మానేశారు.

"మీకు ముందు తొమ్మిది మంది నిలబడ్డారు ఇక్కడ" అన్నారు. "తొమ్మిది మందీ పిలిచారు. దాచుకున్న పిలుపు ప్రతి ఒక్కరి దగ్గరా ఉంది. ఒకావిడ ఈల వేసింది, ఒకావిడ గాజులు చప్పుడు చేసింది. ఆ దాచుకున్నది బయటికి రావడం కోసమే ఆరో చూపు."

హాస్టల్లో కారం కలియబెడుతూ తల ఎత్తనివాళ్ళు గుర్తొచ్చారు. "ఎవరి దగ్గరికీ రాలేదా?"

"ఇద్దరు పిల్లలు దిగివచ్చారు."

బిందెను నా ముందే వలలో దించి, కళ్ళకు గంతలు కట్టి, లోపలడవికి తీసుకెళ్ళే బండి ఎక్కించారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. బండి వెళ్ళిపోయింది. సంతోషంగా ఉందా అని అబ్బిరెడ్డి అడిగాడు. ఉందనే చెప్పాను. అబద్ధం కాదు. అది బతుకుతుంది. ఏ వంటింటి తలుపూ తియ్యదు. నేను పిలిస్తేనే రానిది ఇంకెవరు పిలిస్తే వస్తుంది?

జీపు కోసం వెనక దారిన నడిచాను. అటువైపు కంచె ఉంది, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆ పక్కకు పోనిచ్చేవారు కాదు. కంచె బయట నూకరత్నం బల్ల మీద కూర్చుని అరటిపళ్ళు తరుగుతోంది. నాతోపాటు పదేళ్ళు మోసిన మనిషి, మూడేళ్ళ నుంచీ కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది. లోపల సంచి ఉంది, తను మోసిన పిల్ల. ఇప్పుడు మనిషంత అయింది.

"నీది ఎల్లిపోయిందా తాయారక్కా?" అంది.

"వెళ్ళిపోయింది."

"అదృష్టవంతురాలివే అక్కా" అంది. మాటవరసకు అనలేదు. "నాది నా పిలుపినగానే దూకేసింది. ఎందుకు పిలిచేనా అని రోజూ ఏడుత్తానే ఉన్నాను. అడివి మొకం సూసి మూడేళ్ళయింది దీనికి."

ఆవిడ చెప్పింది నిజమే. కంచె లోపల చెట్టు ఒక్కటే ఉంది, అది కూడా సిమెంటుది. నేను తల ఊపాను. కానీ నేను చూస్తున్నది చెట్టును కాదు. సంచి కడ్డీల్లోంచి చెయ్యి బయటికి పెట్టి నూకరత్నం జడ పట్టుకుంది. చివర విప్పుతోంది, మళ్ళీ అల్లడానికి చూస్తోంది, రావడం లేదు. నూకరత్నానికి అటు తిరిగి చూడాల్సిన అవసరం కూడా లేదు. జడ దాని చేతికి అలా వదిలేసి నాతో మాట్లాడుతోంది, రోజూ జరిగేదే అన్నట్టు.

దాచకుండా రాయమన్నారు. బిందె అడవిలో ఉంది, నేను ఓడిపోయినందుకే అది గెలిచింది, అది నాకు అర్థమైంది. అయినా ఇంత రాశాక కూడా ఆ జడ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆ కంచె బయట బల్ల మీద కూర్చున్నది నేను కానందుకు కడుపు మండిపోతోంది.